వెన్నెల ప్లేటు మీద లాంతరు గీత

1954 నవంబరులో నాకు ఆ టూరు ఉత్తర్వు అందింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సగం ఆఫీసులు డేరాల్లో, తక్కిన సగం ఎవరెవరి ఇళ్ళలోనో నడిచేవి. నేను ఒక ప్రభుత్వ శాఖలో రెండో గ్రేడు ఫోటోగ్రాఫర్ని. ఒక పాత ఇంటి స్నానాలగది నా డార్క్‌రూము. కిటికీకి నల్లగుడ్డ కొట్టుకుని, కావడితో నీళ్ళు తెప్పించుకుని ప్లేట్లు కడిగేవాణ్ణి.

రాయలసీమ అంటే ఎండిన నేల అనే అభిప్రాయం పోగొట్టడానికి మా శాఖ ఒక ఆల్బం తలపెట్టింది. అందుకోసం కడప జిల్లాలోని ఒక చెరువును సూర్యాస్తమయంలో, వెన్నెల్లో, సూర్యోదయంలో ఫోటోలు తీసుకురమ్మని ఉత్తర్వు. ‘మూడూ ఒకే చోటి నుంచి, ఒకే దృశ్యంగా ఉండవలెను’ అని కింద ప్రత్యేకంగా రాశారు. ఆ ఊరి పేరు నేను రాయను, కారణం చదివితే తెలుస్తుంది.

ఉత్తర్వులో ఇచ్చిన తేదీ అమావాస్య. హెడ్ క్లర్కుతో ఆ మాట చెప్పాను. మంజూరైన ప్రోగ్రాము మార్చాలంటే కారణం చూపుతూ కాగితం పెట్టాలన్నాడు. ‘ఆ రాత్రి చంద్రుడు ఉండడు’ అని రాసిచ్చాను. ఆధారం జతపరచమని కాగితం తిరిగొచ్చింది. ఇంట్లో పంచాంగం నుంచి ఆ పుట చించి గుండుసూదితో గుచ్చి పంపాను. మా ఆవిడ ఆ సంవత్సరమంతా ఆ పుట కోసం నన్ను సాధించింది. చివరికి మార్గశిర పౌర్ణమికి మార్చారు. సూర్యుడు పడమట దిగి తూర్పున లేస్తాడు కాబట్టి రెండూ ఒకే దృశ్యంలోకి రావని ఇంకో కాగితం పెట్టాను. దానికి నేను రిటైరయ్యేదాకా జవాబు రాలేదు.

ద్రోణాచలం, గుంతకల్లు మారి ఎర్రగుంట్లలో దిగి, ఎద్దుల బండి మీద ఆ ఊరు చేరాను. నా దగ్గర ఉన్నది చెక్క పెట్టెలాంటి ఫీల్డ్ కెమెరా. ఫిల్ము కాదు, గాజు ప్లేట్లు. ఒక్కో ప్లేటునూ స్లైడు అనే చెక్క చట్రంలో చీకట్లో బిగించుకుని పోవాలి. ఆరు ప్లేట్లు తీసుకెళ్ళాను. బండి కుదుపులకు రెండు పగిలాయి.

చెరువు మాత్రం నిజంగా బాగుంది. తూర్పున పొడుగాటి కట్ట, కట్ట మధ్యలో తూము, పడమట జొన్న చేలు. ఆ ఏడు వానలు అంతంతమాత్రమే కావడంతో నీళ్ళు సగానికే ఉన్నాయి. అయినా సాయంత్రం ఎండలో ఎర్రగా మెరుస్తుంటే చూడబుద్ధేసింది. ఆ నీళ్ళను ఆయకట్టు మళ్ళకు వంతుల ప్రకారం వదిలే మనిషిని నీరుగంటి అంటారు. తూము ఎత్తడం, దించడం అతని చేతి పని, ఇంకెవరూ ముట్టకూడదు. ఆ ఊరి నీరుగంటి ఓబులేసు. నలభై ఏళ్ళుంటాయి. తాత నాటి నుంచీ వాళ్ళదే ఆ పని. అందుకు రెండెకరాల మాన్యం ఉంది. నాకు సాయంగా ఉండమని గ్రామ మునసబు అతన్ని పంపాడు.

సాయంత్రం కట్ట మీద కెమెరా నిలబెట్టేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఉతికిన పంచెలు కట్టుకుని, పిల్లలకు తల దువ్వి, లెన్సుకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డారు. పక్కకు జరగమని అరగంట మొత్తుకున్నాను. “వట్టి నీళ్ళని ఎవరు చూస్తారు సార్? మనుషులు ఉంటేనే గదా ఫోటో!” అన్నాడు మునసబు, నా తెలివితక్కువకు జాలిపడుతూ. సూర్యుడు నా కోసం ఆగేవాడు కాదు. ప్లేటు లేని స్లైడు ఒకటి కెమెరాలో దూర్చి, వాళ్ళందరినీ ‘తీసేశాను’. సంతోషంగా పక్కకు తప్పుకున్నారు. అప్పుడు అసలు ప్లేటు పెట్టి చెరువును తీసుకున్నాను. చేసింది మోసమే. అప్పుడు మాత్రం సిగ్గుపడలేదు.

వెన్నెల ఫోటో సంగతి కొంచెం చెప్పాలి. చాలామంది ఫోటోగ్రాఫర్లు పట్టపగలు సూర్యుడికి ఎదురుగా తీసి, ప్రింటు నల్లగా వేసి, వెన్నెల అని చెలామణి చేసేవారు. నాకది పరమ అసహ్యం. నిజమైన వెన్నెల ప్లేటు మీద పడాలంటే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు లెన్సు తెరిచి ఉంచాలి. ఆ సేపట్లో కెమెరా వెంట్రుకవాసి కదిలినా ఫోటో అలుక్కుపోతుంది. చంద్రుడు ఫ్రేములో ఉండకూడదు, ఉంటే జరిగినంత మేరా చారలా సాగుతాడు. దీపం ఉండకూడదు, ఉంటే అది నడిచిన దారంతా గీత పడుతుంది.

వెన్నెలకూ సూర్యోదయానికీ తూర్పున కట్ట వైపు తీయాలి, కానీ పడమటి ఒడ్డున తుమ్మ కంప అడ్డం. దాని పైనుంచి కట్ట కనిపించే ఎత్తు ఒక్క జొన్నచేను మంచె మీదే దొరికింది. పిట్టలు తోలడానికి నాలుగు గుంజలు పాతి కట్టిన మంచె అది, మనిషి ఒత్తిగిల్లితే ఊగుతుంది. కెమెరా, నేను, ఓబులేసు దాని మీదికి ఎక్కాం. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా కట్ట మీదికి ఎవరూ దీపం తేవద్దని ఓబులేసు సాయంత్రమే ఊళ్ళో టముకు వేయించాడు. నీరుగంటి ఆ గంటసేపూ నాతో మంచె మీద ఉంటాడని కూడా దాంతో ఊరందరికీ తెలిసింది. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఎనిమిదీ ఇరవైకి లెన్సు తెరిచాను. వేళ నోటుబుక్కులో రాసుకున్నాను, అది మా పద్ధతి. పది నిమిషాలు గడిచాయో లేదో, కట్ట ఉత్తరపు కొసన లాంతరు ఒకటి బయలుదేరింది. ఒళ్ళు మండిపోయింది. దీపం ఆర్పమని గొంతు చించుకుని అరిచాను. అరమైలు నీళ్ళ మీద అది ఎవరికి వినబడుతుంది? లాంతరు నింపాదిగా తూము దగ్గరికి పోయి ఆగింది.

ఓబులేసు లేవబోయాడు. మంచె కిర్రుమంది. అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

“తూము కాడ ఎవరో ఉండారు సారూ. రాత్రిపూట తూము ఎత్తకూడదు. పోయి చూసొస్తా” అన్నాడు.

ఇంకా పదిహేను నిమిషాలు ఉందని, దిగితే ప్లేటు పాడవుతుందని, దానికి జవాబుదారీ అతనేనని బెదిరించాను.

“కింద మళ్ళకు నీళ్ళు శానా తక్కువుండాయి సారూ” అన్నాడు మళ్ళీ.

నా ప్లేటు సంగతి ఎవరికి పట్టిందని విసుక్కున్నాను. ఆ లాంతరు వెధవ పోయినంత దూరం నా ఫోటోలో గీత పడుతుందన్నాను.

“ఆ దీపం ఫోటోలో పడ్తాదా సారూ? పడితే మల్లా పోదా?”

“పోదు” అన్నాను, ఆ మాట మీదే ఏడుస్తూ. అతను మళ్ళీ చతికిలబడ్డాడు.

లాంతరు అయిదారు నిమిషాలు తూము దగ్గర ఉండి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఎనిమిదీ నలభై అయిదుకు లెన్సు మూశాను. మూత పడగానే ఓబులేసు దూకి చెరువు చుట్టూ తిరిగి తూము వైపు పరుగెత్తాడు. వెన్నెలకే రెండో ప్లేటు తెరిచేలోగా మబ్బు కమ్మేసింది. తెల్లారి సూర్యోదయం అదే మంచె మీది నుంచి తీస్తుంటే అతను మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, తూము ఎత్తేసి ఉంటే మూశానని, నీళ్ళు నాలుగు వేళ్ళు దిగాయని చెప్పాడు. రెండో ప్లేటు తీసే వీలు పోయిన దుఃఖంలో నేను సరిగ్గా వినను కూడా వినలేదు.

కర్నూలు వచ్చి ప్లేట్లు కడిగాను. సూర్యాస్తమయం, సూర్యోదయం బాగా వచ్చాయి. వెన్నెల ప్లేటు నా ఉద్యోగంలో అంతవరకు నేను తీసినవాటిలో ఉత్తమం, ఆ గీత ఒక్కటి తప్ప. నెగటివ్‌లో వెలుగు నల్లగా పడుతుంది. ఉత్తరపు కొస నుంచి తూము దాకా సన్నటి నల్లగీత, తూము దగ్గర చిన్న ముద్ద. నాకు ఏడుపొచ్చినంత పని అయింది.

నెగటివ్ మీద నలుపు తీసేయడానికి రీటచింగ్ కత్తి అని ఉంటుంది. దానితో గాజు మీది మందుపొరను ఊపిరి బిగబట్టి గీకాలి. ఎక్కువ గీకిన చోట సన్నటి పెన్సిలుతో పూడ్చాలి. మూడు రోజులు కూర్చున్నాను. ముందుగా ఒక ప్రింటు వేసుకోవడం కాగితం దండగ అనుకున్నాను. పని ముగిశాక ప్రింటు వేసి మా తోటి ఫోటోగ్రాఫరుకు చూపించి, గీత ఎక్కడుండేదో చెప్పమన్నాను. భూతద్దం పెట్టి వెతికినా చెప్పలేకపోయాడు. ఆ రోజు నాకు ఇంత గర్వం. పై అధికారి మెచ్చుకుని, చంద్రుడు ఎందుకు లేడని మాత్రం అడిగాడు.

రెండు వారాలకు ఓబులేసు డేరాల మధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ రాత్రి నీళ్ళు అతనే దొంగతనంగా అమ్మాడని మునసబు పైకి రాశాడట. కింది మళ్ళవాళ్ళు నమ్మారు. నీరుగంటి పని తీసేసి మాన్యం కూడా లాక్కోవడానికి నోటీసు వచ్చింది. నోటీసు మడత పెట్టి రుమాల్లో కట్టుకున్నాడు. ముఖంలో మాత్రం దిగులు లేదు.

“ఆ పొద్దు దీపం ఫోటోలో పడిండాది గదా సారూ. పోదని మీరే అంటిరి. అది యాడి నుంచి వచ్చిందో, యాడికి పోయిందో అందరికీ కనపడ్తాది. నేను మీ పక్కన మంచె మిందనే ఉంటి. అదొక్కటి ఇయ్యండి సారూ, సాలు” అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఉత్తరపు కొసన ఉన్నవి ఒకే ఒక్కరి తోటలు. ఎవరివో ఇప్పుడూ రాయను. ఓబులేసు ఇల్లు దక్షిణాన. నా నోటుబుక్కులోని వేళ, ప్లేటు మీది గీత, రెండూ కలిస్తే ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

గోడకు బిగించిన ప్రింటు చూపించాను. అతను దగ్గరికి పోయి కట్ట వెంబడి వేలుతో వెతికాడు, ఆ కొస నుంచి ఈ కొసకు. దీపం ఏదని అడిగాడు. గీకేశానని చెప్పాను. అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను.

“బాగుండాది గదా సారూ, ఎందుకు గీకితిరి?” అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగాడు.

సెలవు పెట్టి విచారణకు వెళ్ళాను. ప్లేటు, నోటుబుక్కు పట్టుకుపోయాను. విచారణ అధికారి మర్యాదస్తుడే. ప్లేటును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి, గీకిన గరుకు చూపించాను. గరుకు కనిపిస్తోందని, అక్కడ ఏముండేదో మాత్రం కనిపించడం లేదని అన్నాడు. నోటుబుక్కు ప్రకారం ఓబులేసు ఎనిమిదీ నలభై అయిదు దాకా నా దగ్గర ఉన్నాడు, ఆ తర్వాత తూము వైపే పరుగెత్తాడు. ఆ మాట కూడా నా నోటితోనే చెప్పించి రాసుకున్నాడు. నేను లాంతరును కళ్ళారా చూశానంటే, ఎవరి చేతిలో అని అడిగాడు. అరమైలు అవతల దీపం ఒక్కటే కనిపించిందన్నాను.

ఉగాదికి ముందే మాన్యం పోయింది. ఓబులేసు ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి గనిలో కూలికి చేరాడని విన్నాను. ఆల్బం అచ్చయింది. వెన్నెల ఫోటోకు మంచి పేరు వచ్చింది. నన్ను మొదటి గ్రేడుకు పెంచినప్పుడు ఆ ఉత్తర్వులో దాని ప్రస్తావన ఉంది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఏ ప్లేటు మీద కత్తి పెట్టబోయినా ముందు ఉన్నదున్నట్టు ఒక ప్రింటు వేసి, వెనక తేదీ, వేళ రాసి, బీరువాలో పెట్టాను. నా కింద పని నేర్చుకున్నవాళ్ళ చేతా పెట్టించాను. కాగితం దండగని వాళ్ళు విసుక్కునేవారు. గీత కావాలో అక్కర్లేదో చెప్పాల్సింది ఫోటో తీసినవాడు ఒక్కడే కాదన్నాను, అంతకుమించి నేను వాళ్ళకు ఏమీ చెప్పలేదు.