మంత్రం నేర్చుకోవాలనుకున్న దొంగ

మా వైపు అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, ముఖం చూసి మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే కూతురితో చెబుతుంది. కూతురు దగ్గర లేకపోతే గోడతో చెబుతుంది, అల్లుడు విని అర్థం చేసుకుంటాడు. ఇది మంచి పద్ధతా చెడ్డ పద్ధతా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. నగర్తపేట వఠారంలో ఒక గది, చిక్కపేట కొట్లు ఇచ్చే చీరల కొంగులకు దారపు కుచ్చులు కట్టే పని, నా బతుకు నాది. అల్లుడు పండక్కో పబ్బానికో వచ్చి పోయేవాడు. ఆ మాత్రానికి గోడ సరిపోయింది.

వఠారం మెట్ల మీద జారిపడ్డాక గోడ చాలలేదు. కూతురు నన్ను తన ఫ్లాటుకు తెచ్చుకుంది. ఆనేకల్ పోయే దారిలో, లిఫ్టు ఉన్న ఇల్లు. రెండు గదులు, ఒక హాలు. అల్లుడిది గుంటూరు వైపు, కంప్యూటర్ ఉద్యోగం, సగం రోజులు హాల్లోనే కూర్చుని పని చేసుకుంటాడు. అతను హాల్లో ఉంటే నేను గదిలో. అతను నీళ్ళకు వంటింట్లోకి వస్తే నేను బాల్కనీలోకి. పాపం, అతనూ వంటింటి ముందు ఆగి దగ్గి మరీ వచ్చేవాడు. సొంత ఇంట్లో మగవాడు దగ్గి అడుగు పెట్టాల్సి రావడం నాకు నచ్చలేదు. మేలుకుని ఉన్నంతసేపూ ఎటు తప్పుకోవాలా అని చూసుకోవడం నాకూ విసుగు పుట్టించింది. మోకాలు కాస్త కుదుటపడగానే కూతురితో చెప్పేశాను.

"ఈ నెలాఖరుకు నేను పేటకు పోతా. గది ఇంకా నాదే ఉండాది."

"ఆ మెట్లెట్ల ఎక్కుతావమ్మా?"

"కూర్చోని కూర్చోని ఎక్కుతా."

అది కోపంతో అన్న మాట కాదు. కనపడకుండా ఉండాల్సిన ఇంట్లో ఎవరైనా ఎన్నాళ్ళుంటారు? కూతురు ఆ పూట అన్నం సగంలోనే లేచింది.

శనివారం మధ్యాహ్నాలు వాళ్ళ స్నేహితులు వచ్చి భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడేవారు. పేకాట కాదు. అల్లుడు కథ చెబుతాడు. అడవి, అడవిలో గుహ, గుహలో ఏదో ఉంటుంది. తక్కినవాళ్ళు తలా ఒక వేషం కట్టినట్టు, "నేనిప్పుడు ఇలా చేస్తాను" అంటారు. చేయగలిగారా లేదా అన్నది పాచిక చెబుతుంది. ఆ పాచికలకు ఎన్ని ముఖాలో చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేను వంటింటి గుమ్మం వెనక నిలబడి వినేదాన్ని. బొండాలు నూనెలో ఉన్నా చెవి మాత్రం గుహలో ఉండేది.

వాళ్ళలో దొంగ వేషం వేసే పిల్లకు పూణేకు బదిలీ అయింది. ఆ కుర్చీ ఖాళీ అయింది. అప్పుడు అల్లుడు నా కూతురితో, నాకు వినపడేలాగే అన్నాడు.

"తాళాలు తీయడానికి దొంగ లేకుండా గుహలోకి వెళ్తే అందరూ పోతారు. అత్తయ్య గారు ఆడతారేమో అడుగు. గుమ్మం వెనక నుంచి అన్నీ వింటూనే ఉన్నారుగా."

దొరికిపోయాను. "నెలాఖరు దాకా ఐతే ఆడతా అని చెప్పు" అన్నాను కూతురితో.

ఆదివారం పొద్దున దొంగను తయారు చేయడానికి కూర్చున్నాం. బల్లకు ఆ చివర అల్లుడు, మధ్యలో కాగితం పెన్సిలు పట్టుకుని కూతురు, వంటింటి గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద నేను, ముఖం పక్కకు తిప్పుకుని.

"ముందు జాతి రాయాలంటమ్మా" అంది కూతురు.

"ఈడ కూడానా?"

అల్లుడు నవ్వు ఆపుకున్నాడు. పొడుగు చెవుల వాళ్ళు, మరుగుజ్జులు, కొమ్ములున్నవాళ్ళు, చాలా రకాలు చెప్పింది కూతురు.

"మనిషినే రాయి. ముసలిదాన్ని రాయి."

"ముసలి దొంగ ఏందమ్మా, గోడలు దూకల్ల కదా."

"దూకే పని ఏంటికి? ముసలిదాన్ని వాకిట్లో చూస్తే ఎవరూ అనుమానపడరు. కూర్చో అవ్వా అని నీళ్ళిస్తారు."

"ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు ఇది" అన్నాడు అల్లుడు, పెళ్ళాంతోనే.

నాకొక సందేహం ఉంది. వాళ్ళ గుంపులో పుస్తకం చదివి మంత్రం వేసే వేషం ఒకటుంది. శనివారాల్లో నేను ఎక్కువగా విన్నది దాన్నే. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. వఠారంలో రిటైరైన పంతులమ్మ ఒకావిడ, నా చేతులు కుచ్చుల్లో ఉంటే పలక నా ముందు నిలబెట్టి, నోటితో చెప్పించింది. తెలుగు వచ్చాక కన్నడ బోర్డులు సగం వాటంతటవే విచ్చుకున్నాయి, రెండు రాతలూ అక్కచెల్లెళ్ళు కదా. నా అంతట నేను చదివిన మొదటి బోర్డు ఒక కొట్టు గోడ మీద ఉండేది. చీరల కోసం ఏళ్ళ తరబడి నేను కూర్చున్న అరుగు పైనే, ఇక్కడ కూర్చోకూడదు అని. చదివాక కూడా అక్కడే కూర్చున్నాను. కానీ తెలిసి కూర్చోవడం వేరు.

అందుకే అడిగించాను, ఈ దొంగ కొన్నాళ్ళకు ఆ మంత్రాల పుస్తకం పట్టుకోవచ్చా అని.

అల్లుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పట్టుకోవచ్చని చెప్పు. మల్టీక్లాస్ అంటారు. కొన్ని మెట్లు దొంగగా ఎక్కి, అక్కణ్ణించి మంత్రవిద్య మొదటి మెట్టు మొదలుపెట్టాలి. పాత విద్య ఎటూ పోదు. కానీ నష్టముంది. రెండు పడవల మీద కాళ్ళు కదా, దొంగతనంలో ఆఖరి మెట్టు ఎప్పటికీ అందదు."

"ఆఖరి మెట్టు ఎవరిక్కావాలని చెప్పు. నేను మెట్లకు భయపడే ఈడికొచ్చినా."

మూడో మెట్టు దగ్గర మారితే ఏమవుతుంది, అయిదో మెట్టు దాకా ఆగితే ఏమవుతుందని అతను చాలాసేపు చెప్పాడు. చాటు నుంచి కొట్టే దెబ్బ ఎంత బలంగా పడుతుంది, మంత్రం ఎంత ఆలస్యమవుతుంది, అన్నీ. మూడుకే మారాలన్నాను. ముసలిదానికి ఆగే తీరిక లేదు. మొదట ఏ మంత్రం నేర్చుకుంటుందో కూడా ఎంచాడు. కంటికి కనపడని చెయ్యి. దూరం నుంచే వస్తువు ఎత్తి, కావలసిన చోట పెడుతుందట.

"అమ్మకు అది ఇప్పటికే వచ్చు కదా" అంది కూతురు. "పొద్దున నువ్వు కళ్ళు తెరిచేతలికి నీ ల్యాప్‌టాప్ పక్కన కాఫీ ఉంటాది. పెట్టింది ఎవరో ఎప్పుడన్నా చూసినావా?"

ముగ్గురం తలకొక మాదిరిగా కిందికి చూశాం.

తర్వాత అంకెలు. మనిషికి ఆరు గుణాలు, వాటికి పంచడానికి ఆరు అంకెలు ఇస్తారు. చేతుల చురుకుకు అన్నిటికన్నా పెద్దది వేసింది కూతురు. తక్కినవీ చకచకా వేసింది. అల్లుడు కాగితం వైపు వంగి చూశాడు.

"బుద్ధికి ఎనిమిదే వేశావేం? మంత్రం నేర్చుకోవాలంటే పదమూడు ఉండాలి."

"చదువు రాని మనిషి కదా, అన్నిట్లోకీ చిన్నది దానికేసినా. పోనీలే, దొంగగానే ఉండనీ."

పీట మీద నుంచి ఎప్పుడు లేచానో తెలియదు. బల్ల దగ్గరికి వెళ్ళి, అల్లుడి ముఖంలోకి చూసి అడిగాను.

"చూడప్పా, నువ్వు చెప్పు. చదువు రాలేదంటే బుద్ధి లేనట్లా?"

అతను లేచి నిలబడ్డాడు. "కాదత్తయ్య గారూ" అన్నాడు.

"అట్లైతే అది కొట్టెయ్. ఎనిమిది బలానికెయ్. బిందె ఎత్తలేను నేను, ఆ మాట ఒప్పుకుంటా. బుద్ధికి పదమూడన్నా ఉండల్ల."

"అమ్మా, నిన్ననలేదు" అంది కూతురు. "ఆటలో ఆమెను."

"ఆమెను నన్ను చూసే కదా చేస్తా ఉండావు."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను మొరటుదాన్నే, కానీ ఆ నీళ్ళు నాకు అర్థమయ్యాయి. మాత్రల పేర్లు, కరెంటు బిల్లు, బళ్ళో తన మార్కుల కాగితం, అన్నీ చిన్నప్పటి నుంచి నాకు చదివి పెట్టింది అదే. నా బదులు చదవడం దాని చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటే ఎనిమిది వేసింది, మనసు కాదు. పెన్సిలు పట్టుకున్న ఆ చేతిని కాసేపు నా చేతిలో పెట్టుకున్నాను. అది ముక్కు ఎగబీల్చి, ఎనిమిదిని రబ్బరుతో తుడిచింది.

అప్పుడు తెలిసింది, అల్లుడితో ఎదురుగా మాట్లాడానని. కొంగు దానంతటది తల మీదికి వచ్చింది. ఇల్లేమీ కూలిపోలేదు. కింద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, అది కూకూమంటోంది.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. ఈసారి పెళ్ళాం వైపు చూడలేదు.

"అత్తయ్య గారూ, ఒక్క మాటండి. మంత్రం నేర్పడానికి కథలో ఒక పంతులమ్మను పెడతాను. కానీ మూడో మెట్టు నెలాఖరుకు రాదు. దీపావళి దాటుతుంది. మీరు పేటకు వెళ్ళిపోతే ఈవిడ దొంగగానే ఉండిపోతుందండి."

"ఇంకెవరన్నా ఆడొచ్చు కదప్పా ఆమెను."

"ఆవిణ్ణి ఇంకెవరూ ఆడలేరండి." వంటింటి వైపు చూసి, "మీరు ఎదురొస్తే ఎటు తప్పుకోవాలో నాకు తెలియక దగ్గేవాణ్ణి. ఉండొద్దని కాదు" అన్నాడు.

"తెలుసు నాకు. ఆ దగ్గు వింటేనే ఇంకా బాధ."

నేను ఏదో ఒకటి అనాలని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. పూణే పిల్ల కుర్చీ లాగి కూర్చున్నాను. కూర్చుంటే బల్ల మీది కాగితం చక్కగా కనపడింది. అల్లుడు నిలబడే ఉంటే, కూర్చోమని నేనే చెప్పాల్సి వచ్చింది.

"వఠారం ఓనరుకు ఫోన్ చెయ్యి" అన్నాను కూతురితో. "గది ఖాళీ చేస్తానని నేనే చెప్తా. నీ మొగుడి కన్నడంలో చెప్తే ఆయప్పకు ఇంకో గది కావాలని అర్థమైతాది."

అల్లుడు అప్పుడు నవ్వాడు, ఆపుకోకుండా.

పాత అలవాటు పూర్తిగా పోలేదు. అతను వంటింట్లోకి వస్తే ఇప్పటికీ లేచి నిలబడతాను, కానీ బాల్కనీలోకి పోను. కాఫీ చేతికే ఇస్తాను. శనివారాలు గుహలో తాళాలు తీస్తున్నాను. మంత్రం ఇంకా రాలేదు, రెండో మెట్టులోనే ఉన్నాను.