అన్న పోసిన పసరు

తనకల్లు పక్కన మా ఊళ్లో గోవిందప్ప చేనులో చెనక్కాయలు పీకేటప్పుడు రూతు గెలిచిన తగాదా నా కళ్లతో చూశాను. ఎద్దులు మూతి పెట్టిన డ్రమ్ములో నీళ్లే కూలోళ్లకూ అన్నాడు ఆ మహానుభావుడు. కూలికి పోయిన ఆడవాళ్లమంతా తలలు వంచుకున్నాం. రూతు ఒక చెంబెడు ముంచి ఆయన ముందు పెట్టింది.

"ముందు నువ్వు తాగన్నా. నీ గొంతు దిగితే మా గొంతూ దిగుతాది."

ఆయన తాగలేదు. మధ్యాహ్నానికి వాళ్ల ఇంటి నుంచి బిందెలు వచ్చాయి. అప్పటి నుంచి మా గుంపుకు ఆమే పెద్ద.

అలాంటి మనిషికి అన్నం తిన్నాక కుడి డొక్కలో పట్టుకునేది. కదిరిలో స్కాను తీసి, పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆ తిత్తి తీసేయాలన్నారు. కాయలు ఇళ్లు చేరనీ అంది. చేరాయి. నొప్పీ తగ్గింది. తగ్గిన నొప్పికి ఎవరు కోయించుకుంటారు? మళ్లీ వచ్చినప్పుడల్లా గ్యాస్ మాత్ర మింగి సోడా తాగింది.

మరుసటి ఏడు ఎండల్లో ఆ నొప్పి వెన్నులోకి పాకింది. రవికలు వదులైపోయాయి. ఒళ్లంతా దురద, కళ్లు పసుపు ముద్దలు. కామెర్లని అందరమూ తేల్చేశాం. మా ఊళ్లో కామెర్లకు ఆస్పత్రి మెట్లెక్కితే యేసన్నకు అవమానం. ఆయన రూతుకు తోడబుట్టిన అన్న. పరగడుపున ఆకు పసరు పోస్తాడు, ముంజేతి మీద చురక పెడతాడు, ఉప్పు మానిపిస్తాడు. ఒకరి దగ్గర చేయి చాపడు. తగ్గేవి వాటంతట అవే తగ్గుతాయి, పేరు ఆయనకొస్తుంది. చెల్లెలికి మరీ శ్రద్ధగా పోశాడు. పసుపు దిగకపోతే పథ్యం తప్పావని కసిరాడు. ఉప్పు రవ్వ ముట్టని మనిషి, గోవిందప్పకు లొంగని మనిషి, తప్పినానన్నా అని ఒప్పుకుని మళ్లీ దోసిలి పట్టింది.

చివరికి మనిషి లేవలేని స్థితిలో అనంతపురం తీసుకుపోయాం. డాక్టరమ్మ స్కాను చూసి, కడుపు వెనకాల ఉండే క్లోమంలో క్యాన్సర్ అంది. కార్జానికీ పాకింది, ఇక కోసేది లేదంది. రాళ్ల వల్లేనా అని నేనడిగాను. రాళ్లున్నవాళ్లకు ఇది కాస్త ఎక్కువగా వస్తుందట, అందరికీ రాదట, ఈమెకు దేనివల్ల వచ్చిందో చెప్పలేమంది. కళ్లు పచ్చబడగానే వచ్చి ఉంటే అని ఏదో అనబోయి ఆపేసింది. ఆపడం రూతు కూడా చూసింది.

ఇప్పుడు గోడ వైపు తిరిగే పడుకుంటుంది. గంజి నీళ్లు కూడా నిలవవు. యేసన్న రోజూ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తాడు, పోయి పక్క ఊరివాళ్లకు పసరు నూరుతాడు. నిన్న ఆయన లేచి పోయాక రూతు నా చెయ్యి పట్టుకుంది.

"ఓబక్కా, నేను పోయినాక మా అన్న ఎవురికన్నా కామెర్లకు పోస్తాంటే గిన్నె లాక్కో. ముందు ఆస్పత్రిలో చూపిచ్చుకోమని తరుము. నా పేరు మాత్రం ఎత్తొద్దు. తెలిస్తే ఆయప్ప బతకడు."