నా చేతి ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంటికి వీధివైపు రెండు తలుపులుండేవి. ఒకటి కిరాణా కొట్టుది, రెండోది ఎరువులూ పురుగుమందులూ అమ్మే గదిది. మేం వాటి వెనక ఉండేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. ఖమ్మం జిల్లాలోని మా దమ్మపేట చుట్టుపక్కల పత్తి వేసిన రైతుల్లో ఆ రెండు గడపల్లో ఏదో ఒకటి తొక్కని వాళ్లు తక్కువ. అలాంటి ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. ఇప్పటికీ కూరగాయల బండివాడు నన్ను దూరం నుంచి చూస్తే చాలు, ఊరికే అడుగుతానని కొత్తిమీర కట్ట గోనె కింద దాచేస్తాడు. అంతటిదాన్ని ఎనిమిదేళ్ల వయసులో ఒక బేరంలో రోజూ ఓడిపోయాను. అవతలి బేరగాడు నా తలలోనే కూర్చున్నాడు మరి.

మా నాన్న పెట్టిన నియమం ఒకటుండేది. మందుల గదిలో కాలు పెట్టినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోకుండా కిరాణా వైపు రాకూడదు. “ఉప్పు బస్తాల చెయ్యి పెట్టేముందు ఒక్కసారి ఆలోచించుకోండ్రి. ఊరంతా తినే ఉప్పది,” అనేవాడు. మంచి నియమమే. ఒకే కప్పు కింద ఆ రెండు వ్యాపారాలూ చేసేవాళ్లకు అది లేకపోతే కుదరదు. అసలు నన్ను ఆ గదిలోకి రానిచ్చేవాళ్లే కాదు. అయినా ఆ మాట వచ్చి నాలో దిగబడింది. ఆ తలుపు ముందు నుంచి నడిచినా చేతులు కడుక్కునేదాన్ని. మందు కొనుక్కున్న రైతు కూర్చుని లేచిన బల్లకు నా గౌను అంచు తగిలినా కడుక్కునేదాన్ని. నా చేతి నుంచి ఏదో ఉప్పులోకి పోతుందనీ, ఆ ఉప్పు తిని ఎవరో చచ్చిపోతారనీ నా భయం.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. పక్కింటి అత్త అయితే మా గోడ మీదుగా తొంగి చూసి, “షావుకారి పిల్లంటే గిట్లుండాలె వదినా! మా పోరడు బురద చేత్తోనే బువ్వ తింటడు,” అన్నది. మా అమ్మ మురిసిపోయి కొత్త సబ్బు విప్పి ఇచ్చింది. మా కొట్లో సబ్బులకేం కొదవ? కొన్నాళ్లకు నా వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తుటి చారలు తేలాయి. చలికి అనుకుని అమ్మ వెన్న రాసింది. ఆ వెన్నను కూడా కడిగేశాను.

ఆ తర్వాత అడగడం మొదలైంది.

“అమ్మా, నా చెయ్యి మందుకు తగల్లేదు గదా?”

“లేదు బిడ్డా.”

“నువ్వు చూసినవా?”

“చూసిన.”

“మరి ఉప్పు కొన్నోళ్లకు ఏం గాదు గదా?”

“ఏం గాదు.”

“ఒట్టు?”

“నీ మీదొట్టు, పో!”

ఆ ఒట్టు చెవిన పడగానే లోపల చల్లబడేది. అమ్మ తిరిగి పొయ్యి దగ్గరికి చేరేలోపే మళ్లీ రాజుకునేది. కిరాణా కొట్లో పెరిగినవాళ్లకు కొసరు సంగతి చెప్పక్కర్లేదు. తూకం అయిపోయాక కూడా సంచి తెరిచి నిలబడితే ఇంకో పిడికెడు పడుతుంది. మా అమ్మ ఏనాడూ ఎవరినీ కొసరు వేయకుండా పంపిన మనిషి కాదు. అడవి ఊళ్ల నుంచి చింతపండు మోసుకొచ్చి ఉప్పూ నూనె పట్టుకుపోయే ఆడవాళ్లు ఆమె కోసమే మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవారు. కన్నబిడ్డ చేయి చాపితే లేదని ఎట్లా అంటుంది? అడిగినప్పుడల్లా వేసింది. వేసినకొద్దీ నా సంచి పెద్దదైంది. కొసరు వేసే చేతులకు మాత్రమే సాధ్యమయ్యే పొరపాటు అది.

తాయత్తు కట్టించారు. దిష్టి తీశారు. నాన్న ఒకసారి సబ్బులన్నీ అటక మీద దాస్తే బూడిద తెచ్చుకుని రుద్దుకున్నాను. ఆయన మందుల గదికి పెద్ద తాళం వేస్తే నా భయం ఆ తాళంచెవికి మారింది. ఒకరోజు కోపంతో చేయెత్తిన మనిషి, నా వేళ్లు చూసి అలాగే అరుగు మీద కూలబడ్డాడు. “నా నోటితోని చెప్పిన మాటే గదనే ఇది. నా నోరు పడిపోను,” అని అమ్మతో అనడం విన్నాను. ఆ రోజుల్లో అమ్మ కాటా ముందు కూర్చుని, తూకపు రాళ్లు చేతిలో పట్టుకుని, కొనేవాళ్లు పిలిచేదాకా నన్నే చూస్తూ ఉండేది.

అన్నిటికన్నా ఆమెను కోసింది వేరొకటి. నేను ఆమెను ముట్టుకోవడం మానేశాను. జడ వేస్తుంటే భుజం మీద చెయ్యి పడకుండా చూసుకునేదాన్ని. చాప దూరంగా లాక్కుని పడుకునేదాన్ని. “నా దగ్గరికి రాకమ్మా, నువ్వు చచ్చిపోతవ్,” అన్నానట ఒకరోజు. నాకు ఆ మాట గుర్తు లేదు. ఆమె జీవితాంతం మరవలేదు.

బట్టలు కొనడానికి పోతున్నామని పక్కింటి అత్తకు చెప్పి నన్ను ఖమ్మం తీసుకెళ్లారు. మనసు డాక్టరు దగ్గరికి అంటే పిల్లకు పిచ్చి అంటారని మా వాళ్ల భయం. అక్కడి డాక్టరమ్మ నాకు సూది గుచ్చలేదు. నాతో చాలాసేపు మాట్లాడి, ఇది మొండితనం కాదు, గాలీ ధూళీ కాదు, ఇదొక జబ్బు, మెల్లమెల్లగా తగ్గించుకోవచ్చు అన్నది. మా అమ్మ వైపు తిరిగి, అడిగిన ప్రతిసారీ ఏం కాదని చెప్పకండి, ఆ మాట మీ బిడ్డకు కాదు, ఆ జబ్బుకు మేత అవుతోంది అన్నది. “నా వల్లనే అయిందా మేడమ్?” అని అమ్మ అడిగింది. కాదు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అయినా తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ వైపు మొహం పెట్టుకుని అమ్మ దారి పొడుగునా ఏడ్చింది. మేం బట్టలు కొనలేదని అత్త పట్టేసింది కూడా. “అంత దూరం పోయి బేరం కుదరలేదా?” అని నవ్వింది. మా అమ్మ, “కుదురుతదో లేదో చూడాలె వదినా,” అన్నది.

డాక్టరమ్మ చెప్పినట్టు చిన్నచిన్న పనులతో మొదలుపెట్టాం. కొట్లో బల్లను తాకి కాసేపు ఆగడం, గౌను అంచు పట్టుకుని కాసేపు ఆగడం. కొన్ని నెగ్గాను, చాలా వాటిలో దొంగచాటుగా కడుక్కున్నాను. అలా నడుస్తుండగా ఒక సంత రోజు వచ్చింది. సంత రోజంటే మా కొట్లో ఊపిరి సలపదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే అమ్మ కాటా వదిలేసి లోపలికి వచ్చి, వంటింటి గడపలో కూర్చుని, దోసకాయ పప్పు కలిపిన అన్నం పళ్లెం నా ముందు పెట్టింది. నేను అప్పటివరకూ మందు కొనే రైతులు కూర్చునే బల్ల దగ్గర ఆడుకుని వచ్చాను. చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాను.

“ఆకలైతాంది. నీ చేత్తోని ఒక ముద్ద పెట్టు,” అన్నది అమ్మ.

బయటి నుంచి నాన్న కేక వేశాడు. “ఏమే, ఎటు పోయినవ్? జనం మీదబడుతున్నరిక్కడ!” అమ్మ అక్కడి నుంచే, “ఇయ్యాల నేను రాను, నువ్వే చూస్కో!” అని అరిచింది. మా ఇంట్లో అటువంటి మాట వినడం అదే మొదలు.

నేను వచ్చిన విద్య అంతా వాడాను. రేపు పెడతానన్నాను. చెంచాతో పెడతానన్నాను. ఒక్కసారి కడుక్కుని వచ్చి రెండు ముద్దలు పెడతానన్నాను. అమ్మ దేనికీ ఒప్పుకోలేదు, కోప్పడనూ లేదు. చివరికి ఏడుస్తూ అడిగాను. “నీకేమన్నా అయితే?”

ఆమె పెదవులు కదిలాయి. ఎప్పుడూ చెప్పే ‘ఏం గాదు’ అన్న మాట అక్కడిదాకా వచ్చి ఆగిందని ఇప్పుడు అర్థమవుతుంది.

“ఏమో బిడ్డా,” అన్నది. “చూద్దాం.”

నేను ముద్ద చేశాను. పగుళ్లలో పప్పు పులుపు మండింది. అమ్మ ముందుకు వంగి నోరు తెరిచింది. పెట్టాను. ఆమె నమిలి మింగి, “ఇంకోటి,” అన్నది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నది. ఆ తర్వాత నన్ను కడుక్కోవద్దని అనలేదు. నా పక్కన కూర్చో, ఎంతసేపు కూర్చోగలిగితే అంతసేపు కూర్చో అన్నది. తాను చింతపండు గంప దగ్గరికి లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను వేళ్ల మీద మెతుకులు ఎండిపోతుండగా ఆమె ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఊపిరి పీలుస్తోందా, వదులుతోందా అని. అడిగితే ఒక్కటే జవాబు, ఏమో, చూద్దాం. కొట్లో నాన్న ఒక్కడే కేకలు పెడుతూ తిప్పలు పడుతున్నాడు. నీడలు పెరటి గోడ ఎక్కేవేళకు నాకు తెలియకుండానే ఆమె ఒళ్లో తల పెట్టి నిద్రపోయాను. ఎన్నో నెలల తర్వాత. మెలకువ వచ్చేసరికి అమ్మ అలాగే కూర్చుని ఉంది, కాళ్లు తిమ్మిరెక్కి, చింతపండు పక్కకు తోసేసి, నన్ను కదిలించకుండా ఏడుస్తూ.

అంతటితో జబ్బు పోయిందని చెబితే అది అబద్ధపు తూకం అవుతుంది. పోయింది, వచ్చింది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ గడపలో కూర్చున్నట్టే కూర్చున్నాం ఇద్దరమూ.

నేను డిగ్రీలో ఉండగా మా అమ్మ పోయింది. గుండె ఆగింది, అంతే. ఆ పొద్దున ఆమెకు చాయ్ కలిపి ఇచ్చింది నేను. ఇంటి నిండా జనం ఏడుస్తుంటే నా తలలోని బేరగాడు తీరిగ్గా వచ్చి పక్కన కూర్చుని, నీ చేత్తోనే గదా తాగింది అన్నాడు. కాదు అని ఒట్టు పెట్టే మనిషి ముందుగదిలో పడుకుని ఉంది. పెరట్లో నీళ్ల తొట్టి నిండుగా ఉంది. దాని దాకా వెళ్లి నిలబడ్డాను కూడా.

మర్నాడు మా నాన్న ఏమీ తినలేదు. ఎవరు చెప్పినా వినలేదు. నేను కడుక్కోని చేత్తో అన్నం కలిపి ఆయన ముందు కూర్చున్నాను. ఆయన నా చేతినీ నా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. నా చెయ్యి వణికింది. ఈ రోజుకీ ఎవరికైనా అన్నం పెట్టేటప్పుడు కొంచెం వణుకుతుంది. పెడతాను.