సారు జరిపించిన చుక్కలు

కొత్తచెరువు బస్టాండులో ఉండగా ఫోను వచ్చింది. "సారు పోయినాడక్కా, తెల్లారుజామున. మీ నాయనకూ చెప్పినా," అన్నాడు మా పాత ఆఫీసు డ్రైవరు. అనంతపురం బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, జనం చూస్తున్నా ఏడ్చాను.

మా సారు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి. కరువు పనులు చేసే మా చిన్న సంస్థలో సర్వేలు చూసేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన వేరుశనక్కాయలు ఉండేవి. మా రిపోర్టుల నిండా వాటి పొట్టు. తిట్టడంలో ఆయనకు మొహమాటం లేదు. "నీ గీతల కంటే కోడి గీకింది నయం పాపా," అని అందరి ముందే అనేసి, అదే చేత్తో పిడికెడు కాయలు నా చేతిలో పోసేవారు. కోపంగానే తినేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో వానలు వరసగా మొహం చాటేశాయి. పశువులకు గడ్డి కేంద్రం ఏ ఊళ్లో పెట్టాలో మా సంస్థ తేల్చాలి. శింగనమల దగ్గరున్న మా ఊరి సర్వే కూడా వచ్చింది. నాయనకు ఒక జత ఎద్దులుండేవి. గడ్డి దొరక్కపోతే సంతకు తోలేస్తానని చెప్పిన రోజు ఆయన అన్నం ముట్టలేదు.

కంప్యూటరు తీసిన గ్రాఫులో అడ్డంగా ఎకరాలు, నిలువుగా పండిన మూటలు, రైతుకొక చుక్క. మా ఊరి బొమ్మలో పైనంతా చుక్కలు చెదిరి ఉన్నాయి. కింద ఒకే ఒక్కటి. "మీ ఊరు బాగానే ఉందే," అంటూ మేనేజరు కాగితం పక్కన పెట్టేయబోయారు.

సారు దాన్ని లాక్కున్నారు. "ఇందులో మీ నాయన యాడుండాడు పాపా?"

కింది చుక్క చూపించాను. ఐదెకరాలు, ఒక మూట.

"మీ చిన్నాయన?"

"ఆయనా ఆడే సార్."

"మీ పక్కింటాయన?"

ఆయనా అక్కడే. మా ఊళ్లో సర్కారు పంచిన పట్టా భూములన్నీ ఐదేసి ఎకరాలే. పైగా గింజ రాలకపోయినా కళ్లంలో నిలబడి లేదనకూడదు, అది అశుభం. అందుకని అందరూ "ఒక మూట" అనే చెప్తారు. అందరి చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనిపిస్తున్నాయి. బోర్లలో నీళ్లున్న కొద్దిమందివే విడివిడిగా పడి, ఊరంటే వాళ్లే అన్నట్టుంది.

"బస్సులో ఏమంటాం? రవ్వంత జరగండప్పా అంటాం. వీళ్లనూ జరపు," అన్నారు సారు.

"జరిపితే లెక్క తప్పు కాదా సార్?"

"పట్టికలో అంకెలు ముట్టుకోవద్దు. బొమ్మలోనే ఎంట్రుకవాసి జరుపు. జరిపినామని కిందనే రాయి. దాచేదానికేముండాది?"

పెన్సిలుతో ఒక్కో చుక్కా పక్కపక్కన పెడుతూ పోయాను. ఒక్కటిగా ఉన్నది పెద్ద గుంపైంది. మేనేజరు వేలు పెట్టి ఒక్కో చుక్కా లెక్కపెట్టారు. గడ్డి కేంద్రం మా ఊళ్లోనే పెట్టారు. ఎద్దులు సంతకు పోకుండా మా ఇంటి గాటిపాట్లోనే, కట్టేసిన చోటే ముసలివయ్యాయి. నేను ఊరికి పోయినప్పుడల్లా నాయన మొదట అడిగేది, "మీ సారు బాగుండాడా?" అనే. ఆ ఒక్క సాయానికే నేను సారును బతికినన్నాళ్లూ తలుచుకుంటాను.

సారు ఇల్లు చేరేసరికి గడప ముందు చెప్పుల కుప్ప కనిపించింది. ఒకదాని మీద ఒకటి పడి, ఎందరు వచ్చారో తెలియకుండా ఉంది. వంగి ఒక్కో జతా పక్కకు జరపడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తాండావక్కా?" అన్నాడు సారు కొడుకు.

"ఎంతమంది వచ్చినారో కనపడాల కదప్పా."

అతనూ వంగాడు. చెప్పులు వరండా దాటి, మెట్లు దిగి, వీధిలోకి పోయాయి. కుప్ప అడుగున, అందరికంటే ముందొచ్చిన జత ఒకటి మిగిలింది. తెగిన వారును తీగతో కట్టిన టైరు చెప్పులు. మా నాయనవి.