గోరుచిక్కుడు కాయంత వేలు

కొత్త హీటర్‌ను మొదటిసారి వేస్తే ఒక వాసన వస్తుంది. రంగు, ఇనుము, అట్టపెట్టె అన్నీ కలిసి వేడెక్కిన వాసన. ఈ ఉదయం హిందూపురంలో మా ఇంటి నడిమి గదిలో కిటికీలు రెండూ బార్లా తెరిచి, ఆ వాసన పోయేదాకా హీటర్‌కు కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాను. బయట తుంపర. రేపు మా అమ్మాయి రేవతి ఆసుపత్రి నుంచి పన్నెండు రోజుల పసివాడితో ఇంటికి వస్తుంది. వాడు తక్కువ బరువుతో పుట్టాడు. "గది వెచ్చగా ఉండాలమ్మా, కానీ హీటర్ పెట్టే చోట ఆ పెద్దపిల్లతో జాగ్రత్త" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ పెద్దపిల్ల చిట్టికి మూడేళ్లు. ఇంట్లో అది చెయ్యి పెట్టని వస్తువు ఒక్కటీ లేదు. ఒకరికి వేడి కావాలి, ఇంకొకరికి వేడి తగలకూడదు! ఈ పది రోజులుగా నా ధ్యాసంతా దీని మీదే. భయం కొంత, సంబరం అంతకు పదింతలు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ సంచిలో చెయ్యి పెడితే ఒక గోరుచిక్కుడు కాయ వేళ్లకు తగిలింది. అంతే, ఓబులమ్మవ్వ వచ్చి కాళ్లు బారజాపుకొని నా పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

ఓబులమ్మవ్వ పెనుకొండలో పసిపిల్లలకు నీళ్లు పోసే మనిషి. కాళ్లు చాపి, మోకాళ్ల కింద బిడ్డను పడుకోబెట్టుకొని, నూనె రాసి, వేడినీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి పక్కన పడుకోబెట్టేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేతుల నిండా పచ్చబొట్లు. నా ఏడో ఏట మా అమ్మ పోయింది. ఇంటి పని నా మీద పడి బడి ఆగిపోయింది. సాయంకాలాలు నాయన నన్ను దీపం దగ్గర కూర్చోబెట్టి భజన పుస్తకంలోంచి అక్షరాలు నేర్పాడు. పొద్దుటి పూటలు మాత్రం ఓబులమ్మవ్వవి. చెంబు మోయడానికి, గుడ్డలు అందించడానికి నన్ను వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేది. పుస్తకంలో ఉన్నది నాయన నేర్పాడు, పుస్తకంలో లేనిది అవ్వ నేర్పింది. ఇద్దరికీ రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు మనసులో దండం పెట్టుకుంటాను.

అవ్వకు ఒక అలవాటు ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా ముందు బిడ్డను ముట్టుకునేది కాదు. బాలింత గదిలోకి పోయి నేల మీద కూర్చొని నాలుగు దిక్కులా చూసేది. మొదటిరోజే నన్ను పడుకోమంది.

"పండుకోవే పాపా. వెల్లకిలా కాదు, బోర్లా. ఇప్పుడు సూడు, ఏమి కనపడ్తాది?"

"మంచం కింద కుంపటి ఉండాది, అవ్వా."

"నిలబడినప్పుడు కనపడిందా?"

"లేదు."

"అదీ! బిడ్డ లోకమంతా ఈడ కింద ఉంటాది. పెద్దోళ్లు పైనుంచి సూసి అంతా బాగుండాది అంటారు. యాడ బాగుండాది?"

ఆ రోజుల్లో చలికాలం బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టడం మామూలు. కొందరు దాని మీద ఇనుప జల్లెడ బోర్లించేవాళ్లు. అవ్వ ఒడిలోంచి గోరుచిక్కుడు కాయ ఒకటి తీసి ఆ జల్లెడ కంతలో దూర్చింది. సగం దాకా పోయింది. ఇంటావిడను పిలిచి, వేరే జల్లెడ తెమ్మని కేకలేసింది. నాకు ఏమీ అర్థం కాలేదు.

"కూరగాయతో ఏం పని అవ్వా?"

"ఇది కూరగాయ కాదే, ఏలు. నడక నేర్చే బిడ్డ సూపుడేలు ఇంతే ఉంటాది. ఇది దూరితే అదీ దూరుతాది. నమ్మకపోతే కొలుచుకో పో."

నేను నమ్మలేదు. మర్నాడు గుప్పెడు కాయలు పట్టుకొని వీధంతా తిరిగాను. చంకలో ఉన్న పిల్లలు, గడప పట్టుకొని నిలబడిన పిల్లలు, దొరికిన ప్రతి బిడ్డ వేలి పక్కనా కాయ పెట్టి చూశాను. సగం మంది కాయను లాక్కొని కొరికారు. ఒక తల్లి "ఏమ్మే, నా బిడ్డకు పచ్చికూర పెడతాండావా?" అని తరిమింది. అయినా నాకు పట్టరాని సంతోషం. అవ్వ చెప్పింది నిజమే! ఏడాది బిడ్డ వేలూ కాయా ఒకదాని పక్కన ఒకటి ఒకే లావు. ప్రపంచంలో ఎవరికీ తెలియని లెక్క నాకొక్కదానికే తెలిసినట్టు ఇంటికి పరుగెత్తాను. నాయన విని నవ్వి, పలక మీద "గోరు", "వేలు" అని రెండు మాటలు రాసి దిద్దమన్నాడు.

ఆ చలికాలమే మా వీధి చివరింట్లో ఒక బాలింత. మేం వెళ్లేసరికి వాకిలి మూసి ఉంది. కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి ఉన్నాయి. బాలింతకు గాలి తగలకూడదని మా వైపు పట్టింపు. అవ్వ తలుపు తోసింది. లోపల ఆమె కళ్లు మూతలు పడుతూ, "తల తిరుగుతాంది అవ్వా, నిద్ర ఆగడం ల్యా" అంది. అవ్వ నా చేతిలోని తడిగుడ్డ లాక్కొని మంచం కింది కుంపటిని దాంతో పట్టుకొని బయట వాకిట్లో పెట్టింది. కిటికీ గుడ్డలు పీకి పారేసి, బిడ్డను ఎత్తుకొని తుంపరలోకే వచ్చి నిలబడింది. ఇంట్లోవాళ్లు బాలింతను నడిపించుకొని బయటికి తెచ్చారు. బిడ్డ గట్టిగా ఏడ్చింది. "ఏడువు నా తల్లీ, ఇంకా ఏడువు" అంటూ అవ్వ నవ్వింది. తల్లీబిడ్డా ఇద్దరూ తేరుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ ఒక అరుగు మీద కూలబడింది. "రొద్దం ఊర్లో ఒక ఇంట్లో నా చేత్తోనే సందులన్నీ మూసినా పాపా. గాలికి భయపడి గాలినే మూసేసినా. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. బొగ్గులకు వాసన రాని విషం ఉంటాదని అప్పుడు నాకు తెలీదు. అందుకే ఇప్పుడు అందర్నీ తిట్టుకుంటా తిరుగుతాండా" అంది. అంత పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేను వినడం అదే మొదలు. పెద్దవాళ్లు తాము చేసిన తప్పును ఒక చిన్నపిల్లకు చెప్పుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఆమె దగ్గర నేర్చుకున్నవాటిలో ఇదే పెద్దదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత నాకు ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పెళ్లయింది; హిందూపురం రాకముందు అక్కడే ఉండేవాళ్లం. రేవతికి పది నెలలప్పుడు మా ఇంటికి మొట్టమొదటి హీటర్ వచ్చింది. అబ్బ, ఆ రోజు సందడి చెప్పలేను! రెండు కడ్డీలు ఎర్రగా వెలిగే హీటర్. మగ్గాలు ఆపి వీధివాళ్లంతా వచ్చి చేతులు చాపి చలి కాచుకున్నారు. మా అత్త దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. మూడురోజులు ముసురు. బిడ్డ గుడ్డలు ఆరడం లేదు. ఆరనిదాన్ని ఆరబెట్టేది ఎదురుగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? నేను వంటింట్లో ఉండగా అత్త గుడ్డలన్నీ హీటర్ మీద వరసగా పరిచింది. సరిగ్గా అప్పుడే రేవతిని చూడాలని ఓబులమ్మవ్వ పెనుకొండ నుంచి బస్సు దిగి వచ్చింది.

అప్పటికి ఆమె ముసలిదైపోయింది. గుమ్మం దగ్గరే ముక్కు ఎగబీల్చి, "ఏమో కమురుతాంది" అంది. గబగబా వెళ్లి గుడ్డలు లాగేసింది. ఒకదానికి అప్పటికే గోధుమరంగు మచ్చ పడింది. తర్వాత నేల మీద కూర్చొని ఒడిలోంచి కాయ తీసింది.

అత్త నవ్వి, "ఏమవ్వా, మా ఇంట్లో కూరకు కరువొచ్చిందని తెచ్చినావా?" అంది.

అవ్వ కాయ తొడిమ పట్టుకొని కొనను ముందున్న అడ్డు కమ్మీల సందులోంచి కడ్డీ వైపు జరిపింది. కాయ కడ్డీకి తగలనైనా లేదు. చూస్తుండగానే కొన ముడుచుకొని నల్లబడింది. దాన్ని తీసి అత్త అరచేతిలో పెట్టింది.

"ఇది నీ మనవరాలి ఏలు, నాగమ్మా."

అత్త ప్లగ్గు పీకి, మగ్గం పక్కన పాకుతున్న రేవతిని ఒళ్లో కూర్చోబెట్టుకొని, ఆ బుల్లి చేతుల పది వేళ్లనూ ఒక్కొక్కటిగా ముద్దు పెట్టుకుంది. హీటర్ అటక ఎక్కింది. మళ్లీ దిగలేదు. కరెంటు వస్తువులో అట్లా కాయ పెట్టడం అవ్వ చేసిన తప్పే. తెలియక చేసింది. నేను మాత్రం ప్లగ్గు తీసి, వస్తువు చల్లారాకే కాయతో చూస్తాను.

మొన్న మంగళవారం హిందూపురం బజారులో హీటర్ల అంగడికి పోయాను. మూడు రకాలు వరసగా పేర్చి ఉన్నాయి. పండగ బజారులోకి వచ్చిన చిన్నపిల్లలా సంబరపడ్డాను. వాటి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అంగడాయన కంగారుగా లేచాడు.

"ఏమ్మా, కళ్లు తిరుగుతాండాయా? కుర్చీ ఏయాల్నా?"

"కుర్చీ వద్దప్పా. నా మనవరాలు ఇంతెత్తు ఉంటాది. దాని కండ్లతో సూస్తాండా."

ఆయన తల గోక్కున్నాడు. కడ్డీల హీటర్ ప్లగ్గు తీసే ఉంది. కాయ పెట్టాను, సులువుగా లోపలికి పోయింది. దాన్ని పక్కకు జరిపాను. ఫ్యాను హీటర్ జల్లెడ సన్నం, కాయ దూరలేదు. వేయించి, దాన్ని భుజంతో తోశాను. పడగానే దానంతట అదే ఆగిపోయింది. మంచిదే. కానీ అరచేతంత తేలిక వస్తువు, చిట్టి దాన్ని బొమ్మలా చంకన పెట్టుకొని తిరుగుతుంది. మూడోది నూనె నింపిన హీటర్. ఎర్రగా వెలిగే కడ్డీ లేదు, బరువుగా ఉంది, ఒరిగితే ఆగిపోతుంది, గది వెచ్చబడ్డాక కూడా దానంతట అదే ఆగుతుంది. కాసేపు వేయించి, అవ్వ చూపించినట్టు మునివేళ్ల వెనక వైపు ఆనించి ఎన్ని "గోవిందా"ల దాకా ఓర్చుకోగలనో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడో గోవిందకే చెయ్యి లాగేసుకున్నాను.

"ఇది గూడా కాల్తాది కదప్పా?"

"హీటర్ కదమ్మా! కాలకుండా వేడి యాడ్నుంచి వస్తాది? ముట్టుకుంటే ఏదైనా చురుక్కుమంటాది. దీంట్లో అగ్గి కనపడదు, అంతే. పిల్లల్ని దూరం పెట్టాల్సిందే. నిద్రపోయేటప్పుడు ఆపేయాల్సిందే. గుడ్డలు పైన ఏస్తే మాత్రం నన్ను తిట్టొద్దు."

"నిజం చెప్పినావు. ఇదే కట్టియ్యి."

ఆయన నవ్వి, "ఇంగ ఆ కాయ నాకిచ్చి పోండమ్మా, పనికొస్తాది" అన్నాడు. ఇచ్చి వచ్చాను. దారిలో కూరగాయల మార్కెట్‌లో ఇంకో గుప్పెడు కొన్నాను.

నిన్న కరెంటు పని చేసే ఆయన వచ్చి గోడకున్న పెద్ద ప్లగ్గు చూసి, వైరు సరిచేసి, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఏదీ తగిలించవద్దని చెప్పిపోయాడు. ఈ ఉదయం మిగిలింది దూరం కొలవడం. ఆ కొలత కూడా అవ్వదే. బిడ్డ పడుకొని చెయ్యి చాపితే అందకూడదు. లేచి దుప్పటి ఈడ్చుకుంటూ పోతే ఆ దుప్పటి కొస కూడా అందకూడదు. చిట్టి దుప్పటి నా భుజాన వేసుకొని గదిలో అటూ ఇటూ నడిచాను. రెండుసార్లు హీటర్‌ను వెనక్కి జరపాల్సి వచ్చింది. కిటికీ నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంచాను. ఇది బొగ్గుల కుంపటి కాదు, నాకు తెలుసు. అయినా రొద్దంలో దక్కని ఆ బిడ్డ కోసం ఆ నాలుగు వేళ్లు.

చివరికి బోర్లా పడుకున్నాను. యాభై దాటిన మోకాళ్లు మూలిగాయి. చిట్టి పరుగెత్తుకొచ్చి నా పక్కన బోర్లా పడుకుంది.

"ఏం సూస్తాండావు అవ్వా?"

"నీకు ఏం కనపడ్తాదో సూస్తాండా."

దానికి ఆ జవాబు నచ్చింది. మంచం కింద దొర్లిపోయిన నా దారపు ఉండ, గోడ మూలన చీమల బారు, హీటర్ చక్రాలు అన్నీ చూపించింది. సంచిలోని కాయ తీసి దాని చేతికిచ్చాను. వేలి పక్కన పెట్టుకొని చూసి, "అవ్వా, నాదే లావు!" అని కేకేసింది. నిజమే, దాని వేలు ఈ కాయను దాటిపోయింది. నేను లేచేలోపు అది వంటింట్లోకి పరుగెత్తి, కూరగాయల బుట్టంతా నేల మీద కుమ్మరించింది. చాలాసేపు ఏరింది. చివరికి ఒక లేత కాయ, అగ్గిపుల్లంత సన్నటిది, రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఎన్నడూ అంత మెల్లగా నడవని పిల్ల.

"ఇది తమ్మునిది. విరగ్గొట్టొద్దు" అని చెప్పి నా సంచిలో పెట్టింది.

రేపు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నా సంచిలో రెండు కాయలు ఉంటాయి, ఓబులమ్మవ్వది ఒకటి, తమ్మునిది ఒకటి.