అద్దాల గదికి పోయిన తీగ

విమానాల రాకపోకలను నడిపించే ఆ కేంద్రంలో ఆమెను అందరూ గడియారాలక్క అంటారు. ఇంజనీరింగు చదివి ఉద్యోగంలో చేరిన తొలిరోజు నుంచీ ఆమె పని ఒక్కటే, అక్కడున్న యంత్రాలన్నీ ఒకే టైము చెప్పేలా చూడడం. మేడ మీది యాంటెన్నా ఉపగ్రహాల నుంచి టైము అందుకుంటుంది. కింద ఏసీ గదిలో ఉన్న పెద్ద గడియారం దాన్ని తీగల మీద రాడార్ తెరలకూ, కంట్రోలర్ల బల్లలకూ, పైలట్లతో వాళ్ళాడే ప్రతి మాటనూ దాచిపెట్టే రికార్డరుకూ పంచుతుంది. రాడార్ చూపిందీ, గొంతు పలికిందీ ఒకే టైములో లేకపోతే, రేపేదైనా జరిగినప్పుడు ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరి తాతకూ అంతుబట్టదు.

ఆమె విభాగంలో ఒక కట్టుబాటుంది. గడియారం తప్పు నడుస్తోందని తెలిసిన వెంటనే దాన్ని ముట్టుకోకూడదు. ముందు ఇద్దరు నిలబడాలి. ఒకరు పెద్ద గడియారాన్ని చూస్తూ "ఇప్పుడు" అనాలి. రెండోవారు తప్పు గడియారం ఎంత చూపిస్తోందో పైకి చదవాలి. దాన్ని తేడా చెప్పుకోవడం అంటారు. అదయ్యాకే దిద్దుబాటు, దిద్దాక తేడా పోయిందో లేదో ఇద్దరూ మళ్ళీ ఒకసారి చూడాలి. తొందరపడి దిద్దేస్తే, అంతకుముందు అది ఎంత అబద్ధమాడిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

కేంద్రం పెద్దాఫీసరుకు ఇదంతా చాదస్తం. ఆయన్ని వెనక రిబ్బను సారంటారు. కొత్త కుర్చీ వచ్చినా రిబ్బను కత్తిరించి ఫొటో దిగందే దానిలో కూర్చోడని చెప్పుకుంటారు. కిందటేడు మేడ మీద, వచ్చిపోయే పెద్దమనుషుల కోసం అద్దాల గది కట్టించాడు. మెత్తటి సోఫాలు, కాఫీ యంత్రం, గోడ నిండా వెలిగే గడియారం. ఆ గడియారానికి పెద్ద గడియారం నుంచి తీగ కావాలి. తీగలు పంచే పెట్టెలో ఖాళీ లేదు.

"రికార్డరు లోపల దాని గడియారం దానికుంది కదమ్మా," అన్నాడు. "ఆ తీగ పీకి ఇక్కడ పెట్టించండి."

"దాని సొంత గడియారం నమ్మకంగా నడవదు సార్. కొన్నాళ్ళకి ఎటో పోతుంది."

"రికార్డరుని ఎవరు చూడొచ్చారు? దీన్నయితే మంత్రిగారు కూడా చూస్తారు."

ఆమె కుదరదంది. మర్నాటికి రికార్డరును ఆమె విభాగం నుంచి తప్పించి తన కిందికి తెచ్చుకున్నాడు. ఆమె సెలవులో ఉన్న రోజు బయటివాడెవడితోనో తీగ మార్పించాడు. పైవాళ్ళకు ఆమె చెప్పిచూసింది. పైవాళ్ళు అద్దాల గదిలో కాఫీ తాగి, గడియారం బాగుందని మెచ్చుకుని వెళ్ళారు. జనం ప్రాణాలకు కాపలా కాయమని జీతమిచ్చి కూర్చోబెట్టిన మనుషులు, మొహం కడుక్కునే ముందు అద్దం తుడుచుకునే రకం.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు రెండు విమానాలు ఉండాల్సినదానికంటే దగ్గరగా వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సమయంలో బల్ల దగ్గరున్నది కంచుగొంతు అని పిలిచే కంట్రోలరు పిల్ల. వెంటనే ఎడమకు తిరగమని పైలట్‌కు చెప్పాననీ, అతను తిరిగాడనీ ఆమె అంది. రికార్డరు మాట వేరేగా ఉంది. రాడార్ ప్రకారం విమానం మలుపు తిరిగాక గానీ ఆమె గొంతు వినిపించలేదు. అంటే పైలట్ తనంతట తనే తప్పించుకున్నాడు, ఈమె నిద్రపోయింది. రిబ్బను సారు సాయంత్రానికల్లా ఆమెను బల్ల మీంచి లేపేశాడు. పైవాళ్ళు వేసిన విచారణ సంఘం వచ్చి లైసెన్సు తీసేయడమే మిగిలింది.

విచారణకు ముందురోజు ఆయన గడియారాలక్కను పిలిపించి తలుపు దగ్గరగా వేయించాడు.

"రికార్డరు టైము కొంచెం సరిచెయ్యాలమ్మా. మావాళ్ళకి చేతకావట్లేదు. మీరైతే ఒక్క నిమిషం పని."

"అది తప్పు నడుస్తోందని మీకెలా తెలిసింది సార్?"

"నా చేతి వాచీతో చూశాలే. ఏదో కొద్దిగా ముందుంది."

ఆమెకు అర్థమైంది. ఈయనకు తెలుసు. రికార్డరు ముందుకు పరుగెడుతోందనీ, అందుకే ఆ పిల్ల సమయానికి అన్న మాట ఆలస్యంగా అన్నట్టు కనిపిస్తోందనీ తెలుసు. తెలిసి కూడా ఆ పిల్ల మొహం మీద తలుపేసి, ఇప్పుడు రుజువు తుడవమని గుడ్డ తన చేతికిస్తున్నాడు. ఆ గదిలో చల్లిన సెంటు వాసన కూడా రోతగా అనిపించింది.

"ఇద్దరు లేకుండా ముట్టుకోం సార్. మీరొచ్చి నిలబడండి. తేడా చెప్పుకుందాం."

"మీ ప్రమోషన్ కాగితం నా బల్ల మీదే ఉందని గుర్తుందా?" అన్నాడాయన, నవ్వు చెదరకుండా.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. గోడ మీది గడియారం ఎప్పటిలాగే ముందుంది. కూతురు బస్సు తప్పిపోకూడదని అమ్మే అలా పెట్టింది.

"ఊరందరి గడియారాలూ దిద్దే దానివి, ఇంటికొచ్చి దీన్ని చూసి మొహం చిట్లిస్తావేం?" అంది అమ్మ.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా, తప్పు టైము పెట్టొద్దని."

"ఎంత ముందుందో నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంక దాంతో ఎవరు మోసపోతారటా? నాకు చెప్పకుండా నువ్వు దాన్ని తిప్పావనుకో, ఆరోజు పోతుంది నీ బస్సు."

గడియారాలక్క నవ్వబోయి ఆగింది. తర్వాత ఆఫీసు సంగతంతా చెప్పింది. అమ్మ విని, "ఛీ, ఆడి బతుకు పాడుగాను," అని, "ఆ పిల్ల తిండి తింటోందా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే గడియారాలక్క ఒక స్టూలు తెచ్చుకుని రికార్డరు ముందు కూర్చుంది. ఇన్నేళ్ళూ తప్పు గడియారం కనిపిస్తే చెయ్యి ఊరుకునేది కాదు. ఇవాళ తప్పు గడియారానికే కాపలా. రిబ్బను సారు వచ్చాడు, వెనక బయటివాడొకడు పనిముట్ల సంచితో.

"లేవండమ్మా. ఇది మీ విభాగం కాదు."

"నిన్న మాత్రం అయిందేం సార్? సంఘం వచ్చి చూశాక లేస్తా. అంతకుముందు కావాలంటే స్టూలుతో సహా మోయించండి. బరువే, ముందే చెప్తున్నా."

బయటివాడు సంచి దించి గోడవైపు చూశాడు. "నాకెందుకొచ్చిన గొడవ సార్," అని గొణిగి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

విచారణ సంఘంలో ముగ్గురు. ముందు అద్దాల గదిలో కాఫీ అయ్యాక కిందికి వచ్చారు. కంచుగొంతు వాళ్ళ వెనకే నిలబడింది. పాపం, ఆ గొంతే లేదు. గడియారాలక్క లేచి, సంఘంలో పెద్దావిడను రికార్డరు ముందు నిలబెట్టి, తను పక్కగదిలో పెద్ద గడియారం దగ్గర నిలుచుంది.

"నేను ఇప్పుడు అన్నప్పుడు అక్కడున్నది చదవండి మేడం."

తలుపు తెరిచే ఉంది. ఆమె "ఇప్పుడు" అంది. పెద్దావిడ చదివింది. మళ్ళీ అన్నారు, మళ్ళీ చదివారు. పదకొండు సెకన్లు ముందు. ఆ లోపల విమానం రెండు కిలోమీటర్ల పైచిలుకు పోతుంది.

"అయితే ఈ అమ్మాయి మాట మలుపుకంటే ముందే పడింది," అంది పెద్దావిడ. కంచుగొంతు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

వారం తిరక్కుండా ఆ పిల్లకు బల్ల తిరిగిచ్చారు. సంతోషించాల్సిందే. కానీ నివేదికలో తీగ మాటే లేదు. సాంకేతిక సిబ్బంది శ్రద్ధలోపం అన్నారు. కొత్త గడియారాలు కొనే బాధ్యత రిబ్బను సారుకే ఇచ్చారు. ప్రమోషన్ కాగితం ఏమయిందో గడియారాలక్క అడగలేదు. అడిగితే ఆ మొహాన్ని ఇంకోసారి చూడాలి.

నివేదిక చదివిన మధ్యాహ్నం ఆమె పంపిణీ పెట్టె తెరిచి, అద్దాల గది తీగ పీకి, రికార్డరు తీగ దాని చోట గుచ్చింది. మీద ఎవరో అతిథులున్నారు. గోడ నిండా వెలిగే గడియారం అంకెల బదులు గీతలు చూపించింది. రిబ్బను సారు మెట్లు దిగి వచ్చాడు.

"ఎవర్నడిగి తీశారు?"

"మీరు ఎవర్నడిగి తీశారో వాళ్ళనే," అంది గడియారాలక్క.

ఆయన పెట్టె వైపు చెయ్యి చాపాడు. అప్పుడు గమనించాడు, గుమ్మంలో కంచుగొంతు, ఆమె వెనక డ్యూటీ దిగిన కంట్రోలర్లు. ఎవరూ దారి ఇవ్వలేదు. చాపిన చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది.

"అక్కా, తేడా మళ్ళీ చెప్పుకుందామా?" అంది కంచుగొంతు, రికార్డరు ముందుకు నడుస్తూ.

"చదువు," అంది గడియారాలక్క. "గట్టిగా. సారు కూడా వినాలి."