చైనా సీరియల్‌కు నేను చెప్పిన తెలుగు

నాకు ఇంగ్లీషు వచ్చని మొట్టమొదట నమ్మినవాళ్ళు ఏడుగురు. దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని మా కంపెనీ క్యాంపులో నాతో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. నేను ఇంటర్ గట్టెక్కింది రెండోసారి రాస్తే. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరిన వారానికే, గేటు మీది బోర్డు చదివి చెప్పానని నన్ను చదువుకున్నవాణ్ణి చేసేశారు. ఏడుగురు కలిసి మనల్ని పెద్ద చేస్తుంటే వద్దనడానికి ఎవడికి నోరొస్తుంది? నాకూ రాలేదు.

2004లో వర్క్‌షాపుకు కొత్త కటింగ్ మిషన్ వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన చైనా మెకానిక్ మా పక్క గదిలో మూడు నెలలు ఉన్నాడు. అతనికి హిందీ రాదు, అరబ్బీ రాదు, ఇంగ్లీషు నా అంత కూడా రాదు. మిషన్ మీద బ్లేడుకు అడ్డంగా ఒక ఇనుప కవరు ఉండేది. దాన్ని తట్టి, తన వేళ్ళు రెండు ముడిచి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఇది తీయొద్దు, తీస్తే ఇవి పోతాయి అని. ఆ ఒక్క మాట మాత్రం అందరికీ అర్థమైంది. వెళ్ళేరోజు సామాను బరువు తగ్గించుకోవడానికి కాబోలు, ఒక అట్టపెట్టె మా గదిలో పెట్టి పోయాడు. నిండా సీడీలు. ఒకే సీరియల్, ముప్పై ఆరు సీడీలు. మాటలన్నీ చైనా భాష, కింద ఇంగ్లీషు అక్షరాలు.

శుక్రవారం మాకు సెలవు. పొద్దున బట్టలు ఉతుక్కుని, మధ్యాహ్నం మాంసం వండుకుని తిని, అందరూ టీవీ ముందు చేరేవాళ్ళు. నా జాగా టీవీ పక్కన, స్టూలు మీద. కింద అక్షరాలు వస్తుంటే గబగబా చదివి తెలుగులో చెప్పాలి. నేను ఒంటికి పోయినా సీరియల్ ఆపేవాళ్ళు. అంత మర్యాద నాకు ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు.

కథ అంతఃపురానిది. చక్రవర్తి చిన్నవాడు, పేరుకే చక్రవర్తి. రాజ్యం నడిపేదంతా పలచని గడ్డం ముసలి మంత్రి. సరిహద్దులో యుద్ధాలు గెలిచొచ్చే సేనాపతి ఒకడు, రాజమాత బట్టలకు కుట్టుపని చేసే పిల్ల ఒకతె. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అయినా పదకొండో సీడీ దాకా ఒకరి చెయ్యి ఒకరు తాకలేదు. “ఇంకెన్ని సీడీలు కావాల్నంటరా వీళ్ళకు?” అని గదిలో విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటూనే, తాకిన రోజు ఈలలు వేశారు.

అందరిలోకి పెద్దవాడు కటింగ్ మిషన్ మీద పనిచేసే అన్న. నాకు సొంత అన్న కాదు, మా పక్క మండలం మనిషి. గదిలో అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. నేను వచ్చిన మొదటి నెల జ్వరంతో పడి ఉంటే డ్యూటీ నుంచి వచ్చి జావ కాచి తాగించినవాడు. సీరియల్ అయిపోగానే ఫోన్ కార్డు తీసుకుని బయటికి పోయి, ఆ వారం కథంతా భార్యకు చెప్పేవాడు. ఆమె బీడీలు చేస్తుంది. శనివారం చాటలు ముందేసుకుని కూర్చున్న ఆడవాళ్ళందరికీ ఆమె నోట ఆ కథ మళ్ళీ నడిచేదట. చక్రవర్తి గురించి, మంత్రి గురించి వాళ్ళు అడిగిన ప్రశ్నలు తిరిగి నా దగ్గరికి వచ్చేవి.

నాకు ఇంగ్లీషు ఎంత వచ్చో నాకు తెలుసు. సగం వాక్యాలు చదివేలోపే మాయమయ్యేవి. అందిన ముక్కను పట్టుకుని మిగతాది అల్లేవాణ్ణి. అన్న మాత్రం అక్షరాలు చూడడు కనుక మొహాలు చూసేవాడు. ఒకసారి ఆ పిల్ల రాజమాత ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. నేను “సరే అన్నది” అన్నాను.

“తమ్మీ, గంతసేపు మాట్లాడింది గద. ఒట్టిగ సరే అన్నదా?”

“నువ్వు చదువుతవా అన్నా? రా, ఈ స్టూలు మీద కూసో.”

గదంతా నవ్వింది. అన్న కూడా నవ్వి తల వంచుకున్నాడు. ఏబీసీడీలు రాని మనిషిని అందరి ముందు అలా అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

చివరికొచ్చేసరికి మంత్రి ఒక కోటను శత్రువుకు అప్పగించి, ఆ నేరం సేనాపతి మీద తోసేశాడు. తెర వెనక కుట్టుపని చేసుకుంటూ ఆ బేరమంతా విన్నది ఆ పిల్ల ఒక్కతే. నడుం పట్టేసి డ్యూటీకి పోని ఒకరోజు నేను ఒక్కణ్ణే ఆఖరి సీడీలు చూసేశాను. ఆమె తనంతట తానే సభకు పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. సేనాపతి బయటపడ్డాడు. రాజకుటుంబం మాటలు చాటుగా విన్నందుకు ఆమెకు విషం గిన్నె ఇచ్చారు. చక్రవర్తి ఆపలేకపోయాడు. సేనాపతి కళ్ళు తుడుచుకుని, ఆ చక్రవర్తికే కాపలా కాయడానికి మళ్ళీ సరిహద్దుకు పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పినందుకు ఇదా?

వారానికి దొరికే ఒక్క సెలవునాడు ఈ ఏడుపు వీళ్ళకెందుకని శుక్రవారం కథ మార్చేశాను. గిన్నెలో ఉన్నది విషం కాదు, నిద్రమందు అన్నాను. ఆమె రేపు లేస్తుంది, ఇద్దరూ సరిహద్దు దాటి పోతారు అన్నాను. గదిలో చప్పట్లు కొట్టారు.

“మరి ఆయన ఏడుస్తున్నడు గద తమ్మీ,” అన్నాడు అన్న.

“సంతోషంతోని, అన్నా.”

అన్న టీవీ వైపే కాసేపు చూసి, ఫోన్ కార్డు తీసుకుని బయటికి పోయాడు. ఆ శనివారం బీడీల దగ్గర ఆడవాళ్ళంతా సంబరపడ్డారని తర్వాత చెప్పాడు. నేను చాలా గొప్పపని చేశాననుకున్నాను. నా నోటితో మనుషుల్ని బతికించగలనని, చంపగలనని నాకొక పొగరు పట్టుకుంది.

మరుసటి ఏడు పని ఒత్తిడి పెరిగింది. పొడుగు ముక్కలు కోసేటప్పుడు కవరు అడ్డమొచ్చి ఆలస్యమవుతోందని ఫోర్‌మన్ దాన్ని ఊడదీయించాడు. ఆయన కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన. అన్న వద్దంటే “రెండ్రోజులే కదండీ, ఈ ఆర్డర్ వెళ్ళిపోగానే మళ్ళీ పెట్టేద్దాం,” అన్నాడు. అన్న ఇంకో రెండుసార్లు అడిగాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను, నా చెవులారా విన్నాను. నాలుగు నెలలైనా కవరు మూలనే ఉంది. ఒకరోజు భోజనాల బెల్లుకు కాస్త ముందు అన్న కుడిచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి.

ఆస్పత్రి నుంచి వచ్చిన పదో రోజున ముదీర్, అంటే మా మేనేజర్, విచారణ పెట్టాడు. తప్పు కవరు తీయించినవాడిదైతే అన్నకు స్టోర్‌లో కూర్చుని చేసే పని ఇస్తారు. తప్పు అన్నదే అయితే వీసా క్యాన్సల్, ఇంటికి పంపించేయడమే. ఇది క్యాంపులో అందరికీ తెలుసు. ముదీర్ కొత్తగా వచ్చిన అరబ్బు, హిందీ ముక్క రాదు. తెలుగు వచ్చిన ఫోర్‌మన్ మీదే ఆరోపణ కాబట్టి అన్న మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి వేరే మనిషి కావాలన్నాడు. గది గదంతా నా పేరు చెప్పింది.

ముందురోజు సాయంత్రం నీళ్ళ కూలర్ దగ్గర ఫోర్‌మన్ నా భుజం మీద చెయ్యేశాడు.

“టైమ్‌కీపర్ ఊరెళ్ళిపోతున్నాడు తమ్ముడూ. చదువుకున్నోడివి, నీకీ బరువులు మోయడమేంటి? నీ పేరు చెప్దామనుకుంటున్నాను. రేపు మాత్రం గొడవ పెద్దది చెయ్యకు. పోయిన వేళ్ళు ఎలాగూ తిరిగి రావు కదా.”

అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. ఆ మంత్రి కూడా ఎప్పుడూ, ఎవరినీ ఆ మాట అనలేదు. నేను తల ఊపాను. ఎందుకు ఊపానని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఏసీ గదిలో హాజరు రాసే కుర్చీ కావాలనిపించింది, అంతే. అంతకంటే పెద్ద కారణం వెతికినా దొరకదు.

ముదీర్ గదిలో అన్న కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిదానంగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. చైనా మెకానిక్ ఏం చూపించాడో, కవరు ఎవరు తీయించారో, మళ్ళీ పెట్టమని తాను ఎన్నిసార్లు అడిగాడో. “గీయన ముందటనే అడిగిన,” అని ఫోర్‌మన్‌ను చూపించాడు. ఫోర్‌మన్ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ముదీర్ నా వైపు తిరిగాడు.

తొందరలో కవరు లేకుండానే కోశాడట సార్, క్షమించమంటున్నాడు అని ఇంగ్లీషులో అన్నాను.

కవరు తీయమని ఎవరైనా చెప్పారా, అడుగు అన్నాడు ముదీర్.

నేను అన్న వైపు తిరిగి, “ఇంకేమన్న చెప్పేదున్నదా అంటున్నడు,” అన్నాను.

“లేదు తమ్మీ. ఉన్నదున్నట్టు చెప్పిన. గంతే.”

ఎవరూ చెప్పలేదట సార్ అన్నాను.

ఖలాస్ అని ముదీర్ ఫైలు మూసేశాడు.

బయట, కంపెనీ బస్సు ఆగేచోట సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ మొహాన కొడుతోంది.

“నేను గంత చెప్పిన. నువ్వు రెండే ముక్కలల్ల చెప్పినవ్,” అన్నాడు అన్న.

నేను బస్సు వచ్చే దారి వైపు చూశాను.

“ఫోర్‌మన్ ఏమిస్తనన్నడు?”

“టైమ్‌కీపర్.”

సరే అన్నట్టు తల ఊపాడు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పు తీసుకుని కొట్టినా పడేవాణ్ణి.

గదికి పోగానే అందరూ చుట్టుముట్టారు. ఏమైందన్నా, తమ్ముడు చెప్పిండా అని. తెలిస్తే ఆ పూటే నా పెట్టె బయట పడేస్తారు. అన్న మంచం మీద కూర్చుని, “తమ్ముడు మంచిగనే చెప్పిండు. ముదీరే ఇనలే,” అన్నాడు. అందరూ ముదీర్‌ను బూతులు తిట్టారు. ఒకతను నా వీపు తట్టి, “నీ ప్రయత్నం నువ్వు చేసినవ్,” అన్నాడు.

కాసేపటికి అన్న కుళాయి దగ్గరికి వెళ్తే వెనకే పోయి కాళ్ళ మీద పడ్డాను. ఏడ్చాను. క్షమించావు కదా అన్నా అన్నాను.

“లే. నీ కోసం చెప్పలే నేను,” అన్నాడు. ఎడమచేత్తో కుళాయి తిప్పడం ఇంకా అలవాటు కాలేదు, తంటాలు పడుతున్నాడు. “వీళ్ళకు నువ్వు తప్ప ఇంకో నోరు లేదు. నిజం చెప్తే నిన్ను ఉండనియ్యరు. రేపు ఇంకొకనికి దెబ్బ తాకితే ముదీర్ తాన ఎవడు మాట్లాడ్తడు? అందుకే చెప్పిన. గప్పుడన్న మొత్తం చెప్పు.”

ఆరు రోజుల తర్వాత అన్నను విమానం ఎక్కించారు. గదిలో అందరూ బస్సుదాకా పోయారు. నాకు మాత్రం అన్న ఎడమచెయ్యి కూడా ఇవ్వలేదు. సామాను ఎక్కించడంలో పడి ఎవరూ అది గమనించలేదు.

నేను టైమ్‌కీపర్‌నయ్యాను. 2008లో తిరిగి వచ్చేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. ముదీర్‌కూ మావాళ్ళకూ మధ్య ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. చాలాసార్లు మొత్తం చెప్పాను. కొన్నిసార్లు చెప్పలేదు. కుర్చీకి అలవాటుపడ్డాక ధైర్యం ఏ రోజుకారోజు కొత్తగా తెచ్చుకోవాల్సి వచ్చేది, అన్ని రోజులూ దొరికేది కాదు. గదిలోంచి బయటికి రాగానే తలుపు దగ్గర నిలబడ్డవాడు “మంచిగ చెప్పినవా తమ్మీ?” అని అడిగేవాడు. చెప్పిన అనేవాణ్ణి. ఒక్కడంటే ఒక్కడు కూడా నన్ను అనుమానించలేదు. నేను మంచిగనే చెప్తానని వాళ్ళకు అన్న చెప్పి పోయాడు.